బొమ్మ తేటగా ఉంటే చాలదు

1971 అక్టోబరు 1న, లండన్ శివారు వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, మెదడులో కణితి ఉందని అనుమానిస్తున్న ఒక మహిళను కొత్త యంత్రంలో పడుకోబెట్టారు. అప్పటిదాకా పుర్రె లోపల ఏముందో తెలియాలంటే నడుములో సూది గుచ్చి, మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసేసి, ఆ చోట గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ పరీక్షయ్యాక రోగులు రోజుల తరబడి తలపోటుతో అల్లాడిపోయేవారు. ఈమె మాత్రం తల కదపకుండా పడుకుంటే సరిపోయింది. ఎక్స్‌రే గొట్టం ఒక్కో డిగ్రీ జరుగుతూ, ఒక్కో కోణంలో 160 కొలతలు తీసుకుంది. 180 కోణాలు పూర్తయ్యేసరికి 28,800 కొలతలు పోగయ్యాయి. వాటిని కంప్యూటర్ లెక్కగట్టి ఇచ్చిన బొమ్మలో కణితి స్పష్టంగా కనిపించింది.

ఇప్పుడు సీటీ స్కానర్ అని పిలిచే ఈ యంత్రాన్ని కట్టినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. రైతు బిడ్డ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళంలో రాడార్ పని నేర్చుకుని, తర్వాత ఈఎంఐ కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. ప్రయోగశాలలో ఆయన మొదటి ప్రయత్నంలో ఒక్క స్కాన్‌కే తొమ్మిది రోజులు పట్టింది. ఎక్స్‌రే కిరణం శరీరం గుండా వెళ్తూ ఎంత బలహీనపడిందో అన్ని వైపుల నుంచీ కొలిస్తే, లోపలి ప్రతి బిందువు సాంద్రతనూ లెక్కించవచ్చన్నది ఆయన ఆలోచన. ఆ గణితాన్ని ఆయనకు సంబంధం లేకుండానే దక్షిణాఫ్రికాలో పుట్టిన అలన్ కోర్మాక్ 1963, 64ల్లో ప్రచురించాడు. 1979 నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

1989 నాటికి గొట్టం ఆగకుండా గుండ్రంగా తిరుగుతుంటే బల్ల ముందుకు జరిగే స్పైరల్ పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఛాతీ మొత్తం ఒక్క ఊపిరి బిగపట్టినంత సేపట్లో అయిపోతుంది. డాక్టర్లు స్కాన్ రాయడం తేలికైంది, తీయడం ఇంకా తేలికైంది.

చిక్కు ఇక్కడే ఉంది. పాత ఫిల్ము ఎక్స్‌రేలో కిరణాలు ఎక్కువైతే ఫిల్ము నల్లబడేది, తప్పు వెంటనే బయటపడేది. సీటీలో అలా కాదు. మోతాదు పెరిగేకొద్దీ బొమ్మ ఇంకా తేటపడుతుంది. అందులో ఇసుక చల్లినట్టు కనిపించే మసక సగానికి తగ్గాలంటే రేడియేషన్ నాలుగు రెట్లు కావాలి. చక్కటి బొమ్మ చూసి సంతోషించే కళ్లకు, రోగి ఒంట్లోకి ఎంత పోయిందో కనబడదు.

2009లో లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్ సైనై ఆసుపత్రిలో ఇది బయటపడింది. పక్షవాతం అనుమానంతో మెదడు స్కాన్ తీయించుకున్న 206 మందికి, 18 నెలల పాటు, ఉండాల్సిన దానికి దాదాపు ఎనిమిది రెట్లు రేడియేషన్ ఇచ్చారు. యంత్రం సెట్టింగు మార్చినప్పుడు జరిగిన పొరపాటు అది. బొమ్మల్లో ఎవరికీ లోపం కనిపించలేదు. కొందరికి జుట్టు ఊడినప్పుడు గానీ సంగతి తెలియలేదు.

పిల్లల విషయం నన్ను మరీ కలవరపెడుతుంది. పెద్దల సెట్టింగులతోనే పిల్లలకూ స్కాన్ తీస్తున్నారని అమెరికా రేడియాలజిస్టులు 2001లోనే హెచ్చరించారు. చిన్నతనంలోనో తొలి యవ్వనంలోనో సీటీ తీయించుకున్న సుమారు 1,78,000 మంది బ్రిటన్ వాసుల రికార్డులు పరిశీలించి 2012లో లాన్సెట్ ఒక అధ్యయనం ప్రచురించింది. పదేళ్లలోపు పిల్లల్లో పదివేల తల స్కాన్‌లకు, తర్వాతి పదేళ్లలో అదనంగా ఒక రక్తక్యాన్సర్, ఒక మెదడు కణితి రావచ్చని అంచనా వేసింది. పిల్లవాడికి నిజంగా అవసరమైతే ఈ ముప్పు చాలా చిన్నది. అవసరం లేనప్పుడు ఆ ఒక్కటి కూడా ఎందుకు?

2021 మేలో, కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు, మన ఇళ్లలో అందరి నోటా 'సీటీ స్కోరు ఎంత, ఇరవై ఐదుకు ఎంత' అన్న మాటే. ఒక్క సీటీ 300, 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా అన్నారు. అది పాత లెక్క, కొత్త యంత్రాల్లో అంత ఉండదని రేడియాలజిస్టుల సంఘం ఖండించింది. లెక్క ఎవరిదైనా కానీ, ఆక్సిజన్ బాగుండి, తేలికపాటి జ్వరంతో ఇంట్లో ఉన్న మనిషికి ఆ స్కోరు వల్ల చికిత్స మారేది కాదు. చికిత్స మార్చని స్కాన్‌కు ఎంత తక్కువ మోతాదైనా దండగే.

అలాగని సీటీ అంటే భయపడి వెనక్కి తగ్గకూడని వేళలూ ఉన్నాయి. ఒక్కసారిగా చెయ్యీ కాలూ పడిపోయిన మనిషికి మెదడులో రక్తం గడ్డకట్టిందా, నరం చిట్లిందా అన్నది నిమిషాల్లో తేలాలి. గడ్డ కరిగించే మందును రక్తస్రావమైన వాడికి ఇస్తే ప్రాణం పోవచ్చు. అప్పుడు సీటీకి సంశయించడమే ప్రమాదం. దెబ్బ తగిలి స్పృహ తప్పిన వాళ్ల విషయంలోనూ అంతే. అదే కడుపునొప్పితో వచ్చిన పిల్లలకైతే ముందు అల్ట్రాసౌండ్‌తో తేలుతుందేమో చూడమని అడగొచ్చు. దానిలో ఇలాంటి రేడియేషన్ ఉండదు.

స్కాన్ అయ్యాక యంత్రం తనంతట తానే ఒక మోతాదు పేజీ తయారు చేస్తుంది. అందులో డీఎల్‌పీ అనే అంకె ఉంటుంది. పెద్దవాళ్ల ఛాతీ స్కాన్ అయితే దాన్ని 0.014తో గుణిస్తే ఒంటికి అందిన రేడియేషన్ సుమారుగా మిల్లీసీవర్ట్‌లలో వస్తుంది. డీఎల్‌పీ 400 అయితే 5.6 అన్నమాట. ప్రకృతి నుంచి ఏడాదికి మనిషికి సగటున అందేది 2.4. ఆ పేజీ కూడా రిపోర్టుతో పాటు ఇమ్మని అడగండి. ఫిల్ములూ సీడీ కలిపి ఒక ఫైల్లో పెట్టి, మరో ఆసుపత్రికి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లండి. పాత స్కాన్ డాక్టరు చేతిలో ఉంటే చాలాసార్లు కొత్తది తీయాల్సిన పనే ఉండదు.