రెండు వరుసల అంకెల మీటరు

ఇళ్లకు విద్యుత్తును అమ్మడం మొదలైన 1880ల్లో, కంటికి కనపడని ఈ సరుకును కొలవడం ఎలా అన్నది అమ్మేవారికి ఎదురైన తొలి చిక్కు. థామస్ ఎడిసన్ దానికి రసాయన మార్గాన్ని ఎంచుకున్నాడు. ఇంట్లోకి వచ్చే కరెంటులో అతి చిన్న భాగాన్ని జింకు సల్ఫేటు ద్రావణం ఉన్న గాజుపాత్ర గుండా పోనిస్తే, అందులో ముంచిన రెండు జింకు పలకల్లో ఒకదాని నుంచి లోహం కరిగి రెండోదాని మీద పేరుకుంటుంది. కంపెనీ ఉద్యోగి ఎప్పటికప్పుడు వచ్చి ఆ పలకలను పట్టుకుపోయి తూకం వేయిస్తే, బరువులో వచ్చిన తేడాను బట్టి బిల్లు తయారయ్యేది. చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా, వేడి తగ్గగానే పెట్టెలో ఒక దీపం దానంతటదే వెలిగే ఏర్పాటు కూడా ఉండేది. ఎంత నేర్పుగా కట్టినా ఆ మీటరును ఇంటివారు చదువుకోలేరు. పైగా అది ఒకే దిశలో ప్రవహించే ఏకముఖ విద్యుత్తును మాత్రమే కొలవగలదు.

దిశ మార్చుకుంటూ ప్రవహించే ఏకాంతర విద్యుత్తు వ్యాపించాక వేరే మీటరు అవసరమైంది. తీగచుట్టల సాయంతో అయస్కాంత క్షేత్రాన్నే తిప్పవచ్చునని ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో ఫెరారిస్ 1885లో చూపగా, బుడాపెస్టులోని గాంజ్ కంపెనీ ఇంజినీరు ఓటో బ్లాతీ 1889లో ఈ కోవకు చెందిన విద్యుత్ మీటరుకు పేటెంటు పొందాడు. ఇల్లు వాడే కరెంటు ప్రవహించే చుట్ట ఒకటి, వోల్టేజికి స్పందించే చుట్ట మరొకటి ఒక పలుచని లోహపు బిళ్ల పక్కన ఉంటాయి. వాటి అయస్కాంత క్షేత్రాలు బిళ్లలో సుడి ప్రవాహాలను పుట్టించి దానిని తిప్పుతాయి. అదుపు లేకపోతే బిళ్ల వేగం పెరుగుతూనే పోతుంది కనుక, దాని అంచున ఉండే శాశ్వత అయస్కాంతం బ్రేకులా పనిచేసి, వేగాన్ని ఆ క్షణాన ఖర్చవుతున్న విద్యుత్తుకు సరిపోయేటట్లు ఉంచుతుంది. బిళ్ల తిరిగిన చుట్లను పళ్ల చక్రాలు లెక్కించి యూనిట్ల అంకెలుగా మారుస్తాయి. ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చేదాకా ప్రపంచమంతటా ఇంటి గోడల మీద తిరిగింది ప్రధానంగా ఈ బిళ్లే.

అయితే ఆ బిళ్లకు ఎంత ఖర్చయిందో తెలుస్తుంది గాని ఎప్పుడు ఖర్చయిందో తెలియదు. విద్యుత్తు ధర విషయంలో ఇది చిన్న లోపం కాదు. సరఫరాకయ్యే ఖర్చులో పెద్ద భాగం వాడిన యూనిట్లను బట్టి కాక, వినియోగదారుడు ఏ క్షణాన స్విచ్చి నొక్కినా కరెంటు ఇచ్చేందుకు యంత్రాలను సిద్ధంగా ఉంచడం వల్ల ఏర్పడుతుందని ఆంగ్ల ఇంజినీరు జాన్ హాప్కిన్సన్ 1892లోనే వివరించాడు. సాయంత్రపు రద్దీ కోసం కట్టిన విద్యుత్ కేంద్రం అర్ధరాత్రి పనిలేక పడి ఉంటుంది. అప్పుడు అమ్మిన యూనిట్‌కు ఇంధనపు ఖర్చే తప్ప కొత్త యంత్రాల ఖర్చు ఉండదు.

ఈ తర్కాన్ని ఇంటి దాకా తెచ్చిన పథకాల్లో పేరుపడినది, బ్రిటన్‌లో 1978 అక్టోబరులో ప్రవేశపెట్టిన ఎకానమీ 7. రాత్రి ఏడు గంటలు తక్కువ రేటు, మిగిలిన పదిహేడు గంటలు మామూలుకన్నా ఎక్కువ రేటు అన్నది దాని ఏర్పాటు. పెద్ద బొగ్గు కేంద్రాలను, అణు కేంద్రాలను రాత్రి ఆపి ఉదయానికి మళ్లీ నడపడం కష్టమూ నష్టమూ కనుక, ఆ వేళ కరెంటును కొనేవారు కావాలి. అందుకు తగిన ఉపకరణం వేడిని నిల్వచేసే హీటరు: లోపలి బరువైన ఇటుకలు రాత్రి కరెంటుతో వందల డిగ్రీల దాకా కాగి, చుట్టూ ఉన్న ఉష్ణ నిరోధకం వల్ల ఆ వేడిని పట్టి ఉంచి, మర్నాడంతా గదిలోకి వదులుతాయి.

మీటరులోనూ మార్పు రావలసి వచ్చింది. బిళ్ల ఒక్కటే, కాని దాని ఎదుట అంకెల వరుసలు రెండు; వేళ కాగానే ఒక చిన్న విద్యుదయస్కాంతం పళ్ల చక్రాన్ని ఒక వరుస నుంచి తప్పించి రెండో వరుసకు కలుపుతుంది. ఆ వేళను చెప్పేది పక్కనే ఉండే టైమ్ స్విచ్చి, అంటే రోజుకొక చుట్టు తిరిగే ముఖపత్రం గల గడియారం. వేసవిలో బ్రిటన్ ప్రజలు తమ గడియారాలను గంట ముందుకు జరుపుకున్నా చాలా టైమ్ స్విచ్చిలు గ్రీనిచ్ కాలాన్నే పట్టుకుని ఉండడంతో, రాత్రి పన్నెండున్నరకు మొదలు కావలసిన చౌక రేటు ఒంటిగంటన్నరకు మొదలయ్యేది. ఈ సంగతి ఎరగక పన్నెండున్నరకే బట్టలుతికే యంత్రం వేసినవారు మొదటి గంటకు పగటి రేటే కట్టారు. తరవాతి కాలంలో, బీబీసీ లాంగ్‌వేవ్ రేడియో ప్రసారంలో శ్రోతకు వినిపించని సంకేతాలను దాచి పంపి, లక్షల ఇళ్ల స్విచ్చిలను దూరం నుంచే నడిపారు. ఈ ఏర్పాటును 2025 నుంచి దశలవారీగా ఉపసంహరిస్తున్నారు.

ఇక ఒకే రేటా, రెండు రేట్లా అన్న ఎంపికకు వద్దాం. చౌక రేటు ఎంత చౌక అన్నదే చూసేవారు సగం లెక్కే చూసినట్లు. ఉదాహరణకు ఒకే రేటు యూనిట్‌కు 25 పెన్నీలు, రెండు రేట్ల పద్ధతిలో పగలు 30, రాత్రి 15 అనుకుంటే, ప్రతి పగటి యూనిట్‌కు 5 నష్టం, ప్రతి రాత్రి యూనిట్‌కు 10 లాభం. కాబట్టి మొత్తం వాడకంలో మూడో వంతు రాత్రికి మళ్లితేనే రెండు బిల్లులూ సమానమవుతాయి. 300 యూనిట్లలో 100 రాత్రివైతే ఎటు చూసినా 7,500 పెన్నీలే. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది: ఫ్రిజ్ లాగా ఇరవై నాలుగు గంటలూ ఒకే తీరున కరెంటు తీసుకునే ఇల్లు కూడా ఆ ఏడు గంటల్లో వాడేది మొత్తంలో 29 శాతమే. మనుషులు నిద్రపోయే వేళ అంత కూడా ఉండదు. అందువల్ల నిల్వ హీటరో, రాత్రి కాగే పెద్ద నీళ్ల ట్యాంకో, ఈ మధ్య కాలంలో విద్యుత్ కారో లేని ఇంటికి ఇలాంటి ధరల్లో రెండు రేట్ల పద్ధతి సాధారణంగా నష్టదాయకమే. గ్యాసు హీటింగు పెట్టించుకుని పాత హీటర్లను తీసేశాక కూడా పాత మీటరునే కొనసాగించిన ఇళ్లు ఈ నష్టాన్ని తెలియకుండానే మోస్తాయి.

సౌర విద్యుత్తు ఈ గడియారాన్ని తలకిందులు చేసింది. మధ్యాహ్నం సరఫరా పుష్కలంగా ఉండి, పొద్దు వాలగానే అది తగ్గి గిరాకీ పెరుగుతున్న చోట చౌక వేళ రాత్రి నుంచి పగటికి మారుతోంది. భారత ప్రభుత్వం 2023 జూన్‌లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించే ఎనిమిది సౌర గంటల్లో రేటు మామూలుకన్నా కనీసం 20 శాతం తక్కువగానూ, గిరాకీ ఎక్కువ ఉండే పీక్ గంటల్లో గృహాల వంటి వినియోగదారులకు కనీసం పది శాతం ఎక్కువగానూ ఉండాలి. వ్యవసాయానికి మినహాయింపు ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లకు బాగా అలవాటైన శ్లాబుల పద్ధతి మాత్రం వేరే ప్రశ్న అడుగుతుంది. నెలకు ఎన్ని యూనిట్లు దాటితే ఏ రేటు అన్నదే అక్కడ లెక్క, ఏ వేళన్నది కాదు. నీళ్ల మోటరును రాత్రి నుంచి మధ్యాహ్నానికి మార్చినా శ్లాబు మారదు. వేళను బట్టి రేటు ఇంటికీ వచ్చిన నాడు మోటరు, బట్టల యంత్రం, నీళ్లు వేడిగా నిలిపే గీజరు, ఇస్త్రీ పెట్టె సులువుగా పగటికి జరుగుతాయి, ఆ వేళ ఇంట్లో మనిషి ఉంటే. వేసవి బిల్లును పెంచే ఏసీ మాత్రం జరగదు, పడకగదిలో దాని అవసరం రాత్రే గనుక.