కిటికీకో దీపం

చేతబడి అనగానే ‘తులసిదళం’ సీరియల్ గుర్తుకొస్తుంది కదూ? భయపడుతూనే వారం వారం చదివాం. పసిపిల్లకు జ్వరమొస్తే నింద పడ్డ ముసలమ్మ కథ మాత్రం ఎక్కడ చదివాం?

నార్వేలో వర్డో అనే ఊళ్ళో 2011లో ఒక స్మారక మందిరం తెరిచారు. 17వ శతాబ్దంలో మంత్రగత్తెలని చంపించిన 91 మందికి (14 మంది మగవాళ్ళే సుమా!) 91 చిన్న కిటికీలు, కిటికీకో దీపం. పక్కనే పట్టుగుడ్డ మీద పేరు, మోపిన నేరం. పడవ మునిగిందని, పశువు చచ్చిందని!

మన వైపు జనవిజ్ఞాన వేదిక వాళ్ళు నిమ్మకాయలో నెత్తురు గుట్టు విప్పి చూపారు. మంచిదే.

మా నిజామాబాద్ ఇంట్లో బోళ్ళు తోమిన పెద్దమ్మ బోధన్ వైపు చెరకు పల్లె వదిలి ఎందుకొచ్చిందో పదేళ్ళకు గాని అడగలేదు నేను. ‘‘చెప్తే నువ్వు గూడ పిల్లల్ని నా దగ్గరికి రానియ్యవనుకున్న బిడ్డా’’ అన్నది.