రసీదు లేని చరిత్ర

మా రెండవ అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుతున్నది. ఆ మధ్య ఒక సాయంత్రం బడినుంచి వచ్చి, పుస్తకాల సంచి మూలన పడవేసి, కాఫీ కూడా త్రాగకుండా కూర్చున్నది. "ఏమమ్మా?" అంటే పలకలేదు. రాత్రి వాళ్ళ అవ్వ బుజ్జగించి అడిగితే సంగతి బయటపడింది.

ఆ రోజు చరిత్ర క్లాసులో చోళుల పాఠం. మా తంజావూరు పిల్లలకు చోళులంటే పక్కవీధివారి లెక్క గదా! పెద్దకోవెలను గురించి ఎవరికేమి తెలుసో చెప్పమన్నారట టీచరుగారు. మా అమ్మాయి లేచి, "ఆ విమానం నీడ నేలమీద పడదు. కోవెల కట్టించడంలో మా తెలుగు నాయకరాజులకూ పాలున్నది" అన్నది. "నీకెట్లా తెలుసు?" అని అడిగారు టీచరుగారు. "మా నాయన చెప్పారు." పిల్లలు గొల్లున నవ్వారు. వెనుక బెంచీలోని పిల్ల ఒకతె, "మీరు నిన్న మొన్న వచ్చినవాళ్ళు, మీకేమి పాలు?" అని కూడా అన్నదట.

పాఠకులారా, ఈ వ్యవహారంలో ముద్దాయిని నేనే.

నేనొక ఆఫీసులో గుమాస్తాను. చదివినది మెట్రిక్యులేషను వరకే. ఆఫీసులో రసీదు లేనిదే పదిరూపాయల బిల్లు కూడా పై అధికారి ముందు పెట్టను. అటువంటివాణ్ణి, ఇంటికి వచ్చి భోజనాల దగ్గర ఎవరో చెప్పినదీ, సెల్‌ఫోనులో ఎవరో పంపినదీ చరిత్ర అని పిల్లలకు వడ్డించాను. నేను చదువుకున్నప్పుడు చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాలు, సంవత్సరాలు వల్లెవేసి పరీక్షనాడు దించివేయడమే. "ఎట్లా తెలుసు?" అని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

మరునాడు టీచరుగారిని చూచి క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళాను. ఆమె నవ్వి, "క్షమాపణ ఎందుకండీ? పాఠం చెప్పడానికి మీరు మంచి సామగ్రి ఇచ్చారు. ఆదివారం ఉదయం పిల్లలందరినీ కోవెలకు తీసుకుపోతున్నాను. మీరూ రండి" అన్నారు.

ఎనిమిది గంటలకు వెళ్ళాము. పిల్లలు ముప్పైమంది దాకా ఉంటారు. టీచరుగారు ఏమీ చెప్పకుండా అందరినీ విమానానికి పడమటివైపు ప్రాకారంలోకి తీసుకుపోయి నిలబెట్టారు. చల్లగా ఉన్నది. "ఎందుకు చల్లగా ఉన్నది?" అని అడిగారు. ఒక్క నిమిషం నిశ్శబ్దం. తరువాత పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. మేమందరమూ నిలబడినది ఆ విమానం నీడలోనే! ఇన్నేళ్ళుగా ఆ నీడన కూర్చుని పులిహోర తిన్న నేను, నీడ పడదని పిల్లకు చెప్పాను.

తరువాత ఒక్కొక్కటే చూపించారు. ఈ కోవెలను కట్టించినవాడు రాజరాజచోళుడు. తన 25వ పాలనా సంవత్సరం 275వ రోజున విమానం పైన ఉంచడానికి స్తూపి ఇచ్చినట్లు ఆయనే శాసనం వేయించాడు. అది 1010వ సంవత్సరం. నాయకరాజుల కాలం నాటివి పెద్ద నంది, సుబ్రహ్మణ్యస్వామి గుడి. అంటే నేను చెప్పినది పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అయిదువందల ఏళ్ళ ఎడం మింగివేసి చెప్పాను.

ప్రాకారంలో ఉన్న ఒక శాసనం ముందు ఆగి, దాని అచ్చుప్రతి తీసి చదివారు. ఇతర కోవెలలనుంచి పిలిపించిన 400 మంది స్త్రీల పేర్లు, ఎవరికి ఏ వీధిలో ఇల్లు ఇచ్చారో, ఎంత జీవితం ఏర్పాటు చేశారో అందులో ఉన్నది. ఆటపాటలతో దేవుని కొలిచినవారు వాళ్ళు. మా అమ్మాయి ఆ పేర్లు వింటూ, "రాజుల చరిత్రలో వీళ్ళు కూడా ఉన్నారా!" అన్నది. అప్పటివరకూ తల వంచుకొని నడిచిన పిల్ల అప్పుడు తల ఎత్తింది.

గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవలోకి అందరినీ పోనివ్వరు. అందుకని టీచరుగారు ఛాయాచిత్రాలు తెచ్చారు. ఆ గోడలమీద నాయకుల కాలం నాటి బొమ్మలు ఉండేవి. 1931లో ఎస్. కె. గోవిందస్వామి అనే పండితులు, పై పూత రాలినచోట చూచి, అడుగున చోళుల నాటి చిత్రాలున్నవని కనిపెట్టారు. "చరిత్ర కూడా ఇంతే. ఒక పొరమీద ఒక పొర. పై పొర మాది అని అడుగు పొరను కాదనకూడదు; అడుగు పొర మాది అని పై పొరను గీకివేయకూడదు" అన్నారామె.

అప్పుడు ఆ వెనుక బెంచీ పిల్లను పిలిచి, "తెలుగువారు నిన్న మొన్న వచ్చారన్నావు గదా. రాజరాజచోళుని కూతురు కుందవ్వను ఎవరికి ఇచ్చారు?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. వేంగి చాళుక్యరాజు విమలాదిత్యునికి. వారి కుమారుడు రాజరాజనరేంద్రుడు. నన్నయభట్టు తెలుగు భారతం మొదలుపెట్టినది ఆయన కొలువులోనే. ఆయన కుమారుడే 1070లో చోళ సింహాసనం ఎక్కిన కుళోత్తుంగుడు. అంటే పెద్దకోవెల కట్టించినవాని మనుమడు మన ఆదికవిని ఆదరించినవాడు! ఆ పిల్లా మా పిల్లా ఒకరి మొగం ఒకరు చూచుకున్నారు.

నాకు ఛాతీ ఉప్పొంగింది. టీచరుగారు కనిపెట్టినట్లున్నారు. నావైపు తిరిగి, "ఇదీ చెప్పవలె గదా సార్! 1673లో తంజావూరు నాయకరాజ్యాన్ని కూల్చినది ఎవరు? మధుర నాయకుడు చొక్కనాథుడు. ఇద్దరూ తెలుగువారే" అన్నారు. ఉప్పొంగినది కొంత తగ్గింది. ఆ తరువాత వచ్చిన మరాఠా రాజులలో షాహాజీ తెలుగులో యక్షగానాలు వ్రాశాడు. భాష ఒక కులానిదీ కాదు, ఒక వంశానిదీ కాదు.

మన సంఘంలోని తల్లిదండ్రులకు నేను మనవి చేసేది ఒక్కటే. పొరుగు రాష్ట్రంలో తరతరాలుగా ఉన్నవారము. పిల్లలకు మన పూర్వులను గురించి గొప్పలు చెప్పాలని మనస్సు లాగుతుంది. చెప్పవద్దని కాదు. ఆధారంతో చెప్పండి. బడిలో ఒకరు అడిగినప్పుడు బిడ్డ నిలబడగలగాలి. ఎవరు వ్రాశారు, ఎప్పుడు వ్రాశారు, ఎందుకు వ్రాశారు, ఎవరి మాట అందులో లేదు: ఈ నాలుగు ప్రశ్నలు పిల్లలకు అలవాటు చేస్తే చాలు. మన ఊరి కోవెల, చెరువు, కోట, తాతల నాటి ట్రంకుపెట్టె, వీటికన్న మంచి పాఠ్యపుస్తకాలు ఎక్కడ దొరుకుతవి?

ఆ రాత్రి మా అమ్మాయి, "మనం ఈ ఊరికి ఎప్పుడు వచ్చాము నాయనా?" అని అడిగింది. పాత అలవాటు కొద్దీ "నాయకరాజుల వెంట" అనబోయి నోరు మూసుకున్నాను. "తెలియదమ్మా, వెతుకుదాము" అన్నాను. అవ్వ పెట్టె తీసింది. అడుగున ఇంటి క్రయపత్రం ఒకటి దొరికింది. వ్రాత అంతా తమిళం. క్రింద మా ముత్తాత దస్కతు తెలుగులో. సంవత్సరం 1911.

పిల్ల తన నోటుబుక్కులో ఆ సంవత్సరం వ్రాసుకున్నది. దాని పైన ఇంకొక వరుస వ్రాసింది: "1911కు ముందు: ఇంకా ఆధారం దొరకలేదు."

నేను చదివిన మెట్రిక్యులేషనులో ఆ వాక్యం వ్రాయడం ఎవరూ నేర్పలేదు.