అమ్మాయి కంప్యూటర్ చదువు: రెండు లక్షలు చేజారకుండా

ఇంజనీరింగ్ సీటు దగ్గర తెలుగు రాష్ట్రాల అమ్మాయిలకు కొంత వెసులుబాటు ఉంది. కన్వీనర్ కోటాలో ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు వాళ్లకే. అరవై మంది ఉండే కంప్యూటర్ సైన్స్ సెక్షన్ తీసుకుంటే, అందులో 70 శాతం, అంటే 42 సీట్లు కన్వీనర్ కోటాలోవి. వాటిలో 14 అమ్మాయిలకు పక్కన పెట్టినవి. అయినా 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో దేశం మొత్తం మీద బీటెక్ చదువుతున్నవాళ్లలో అమ్మాయిలు నూటికి సుమారు 29 మందే. సీటు వచ్చాక కూడా ఇంట్లో ఒక మాట మిగిలే ఉంటుంది: నాలుగేళ్లు ఫీజు ఎవరు కడతారు? తమ్ముడి చదువు కూడా ఉన్న ఇంట్లో ఆ ప్రశ్న ముందుగా అక్క మీదికే వస్తుంది.

ఆ ప్రశ్నకు పనికొచ్చే సమాధానాల్లో ఒకటి ‘ప్రగతి’ స్కాలర్‌షిప్. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అంటే మనం ఏఐసీటీఈ అని పిలుచుకునే సంస్థ, దీన్ని 2014-15 నుంచి నడుపుతోంది. ఇది కేవలం కంప్యూటర్ కోర్సులకే కాదు, అన్ని సాంకేతిక కోర్సుల అమ్మాయిలకూ వర్తిస్తుంది. కానీ నేడు మన ఊళ్లలో బీటెక్ అంటే ఎక్కువ ఇళ్లలో కంప్యూటర్ సైన్సే కాబట్టి, ఆ చదువు చుట్టూనే లెక్క వేసుకుందాం.

ఏడాదికి 50,000 రూపాయలు. బీటెక్ మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయికి నాలుగేళ్లు ఇస్తారు కాబట్టి మొత్తం రెండు లక్షలు. నెలకు పంచితే 4,167 రూపాయలు. ఇది చిన్న మొత్తమా, పెద్ద మొత్తమా అని తేల్చుకోవాలంటే అదే రెండు లక్షలు బ్యాంకులో విద్యా రుణం తీసుకున్నామనుకుని చూడండి. పది శాతం వడ్డీతో ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 4,250 రూపాయల వాయిదా పడుతుంది. మొత్తం కట్టేది సుమారు 2 లక్షల 55 వేలు. చదువుకునే నాలుగేళ్లలో పెరిగే వడ్డీ దీనికి అదనం. ఉద్యోగంలో చేరిన అమ్మాయి మొదటి ఐదేళ్ల జీతంలోంచి నెలనెలా పోయే డబ్బు అది.

ఈ డబ్బుతో ఫీజే కట్టాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఫీజుకు, పుస్తకాలకు, కంప్యూటర్ కొనడానికి, సాఫ్ట్‌వేర్‌కు, చదువుకు అవసరమైన దేనికైనా వాడుకోవచ్చు. ఈ చివరి వెసులుబాటును తక్కువగా చూడకండి. కోడింగ్ అనేది రోజూ చేతులతో చేస్తేనే వచ్చే పని. అన్నదమ్ములతో పంచుకునే ఒక్క ల్యాప్‌టాప్ మీద, అది ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే కూర్చునే అమ్మాయి ల్యాబ్ గంటలతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. మొదటి ఏడాది 50,000తో తనకంటూ ఒక ల్యాప్‌టాప్ కొనిస్తే, మిగతా మూడేళ్ల చదువు తీరే మారిపోతుంది.

ఎవరికి వస్తుంది? కుటుంబ వార్షిక ఆదాయం 8 లక్షలు మించకూడదు. నెలకు చూస్తే 66,667 రూపాయలు. ఒక కుటుంబం నుంచి ఇద్దరు అమ్మాయిల వరకు తీసుకోవచ్చు. చేరిన కాలేజీకి, కోర్సుకు ఏఐసీటీఈ ఆమోదం ఉండాలి. చేరేముందే ఆ ఏడాది ఆమోదం ఉందో లేదో ఏఐసీటీఈ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరుతో వెతికి చూసుకోండి, ఐదు నిమిషాల పని.

ఆదాయ పరిమితి 8 లక్షలు కావడంలోనే ఈ పథకం అసలు విలువ ఉందని నా అభిప్రాయం. రాష్ట్ర ప్రభుత్వాల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు, బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు అని ఆదాయ పరిమితి పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో రెండున్నర లక్షల లెక్క నడిచింది. ఇప్పుడు నెలకు 30,000 సంపాదించే ఇంటిని ఊహించండి. ప్రైవేటు స్కూలు టీచరో, షాపులో అకౌంట్లు రాసే ఆయనో ఇంటి పెద్ద. ఏడాదికి 3 లక్షల 60 వేలు. రాష్ట్ర పథకం దృష్టిలో ఈ ఇల్లు పేదది కాదు, ఫీజు కౌంటర్ దగ్గర మాత్రం పేదదే. రెండు లక్షలకూ ఎనిమిది లక్షలకూ మధ్య ఇరుక్కున్న ఇలాంటి ఇళ్ల అమ్మాయిలకే ప్రగతి ఎక్కువగా పనికొస్తుంది.

‘మా అమ్మాయికి ఎంసెట్‌లో పెద్ద ర్యాంకు రాలేదు కదా’ అని వెనకాడేవాళ్లున్నారు. ప్రగతి ఎంపికకు ఎంసెట్ ర్యాంకుతో, అంటే ఇప్పటి ఎప్‌సెట్ ర్యాంకుతో, సంబంధం లేదు. బీటెక్‌కైతే ఇంటర్ మార్కులు, పాలిటెక్నిక్ డిప్లొమాకైతే పదో తరగతి మార్కులు చూస్తారు. ప్రవేశ పరీక్ష రోజు తడబడినా ఇంటర్‌లో బాగా చదివిన అమ్మాయికి ఇది రెండో అవకాశం.

అయితే అడిగిన అందరికీ రాదు, ఈ సంగతి ముందే తెలియాలి. దేశం మొత్తానికి ఏటా కొత్తగా డిగ్రీకి 5,000, డిప్లొమాకు 5,000 స్కాలర్‌షిప్పులు. వాటిని రాష్ట్రాలవారీగా పంచుతారు. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం కేటాయింపు ఉంది. ఐదు వేలలో చూస్తే వరుసగా 750, 375, 1,350. బీటెక్‌లో చేరే అమ్మాయిలు ఏటా లక్షల్లో ఉంటారు కాబట్టి పోటీ గట్టిదే. నాలుగు బ్యాచ్‌ల బీటెక్ అమ్మాయిలకూ పూర్తిగా ఇస్తే ఏడాదికి అయ్యేది వంద కోట్లు. మూడు బ్యాచ్‌ల డిప్లొమా అమ్మాయిలకు ఇంకో 75 కోట్లు. ఇంత పెద్ద దేశానికి 175 కోట్లు ఏ మూలకని అడిగితే, చాలవనే నేనూ అంటాను. ఈ సంఖ్య పెంచాలి. పెంచేలోపు ఉన్నవాటిలో ఒకటి మనింటి అమ్మాయికి దక్కేలా చూసుకోవాలి.

ఇక్కడే అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన నిబంధన ఒకటుంది. ప్రగతికి కొత్తగా దరఖాస్తు చేసే అవకాశం మొదటి ఏడాదిలోనే. డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరిన అమ్మాయిలు మాత్రం ఆ రెండో ఏడాదిలో చేసుకోవచ్చు, వాళ్లకు మూడేళ్లు ఇస్తారు. మొదటి ఏడాది గడువు దాటిపోయి, ‘సెకండియర్‌లో చూద్దాంలే’ అనుకుంటే ఆ చూడటం ఉండదు. పోయేది ఒక్క 50,000 కాదు, మొత్తం రెండు లక్షలూ. చివరి విడత కౌన్సెలింగ్‌లోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. హాస్టలు, యూనిఫారం, క్లాసుల హడావుడిలో గడువు ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియదు.

పాలిటెక్నిక్ దారిని చిన్నచూపు చూడొద్దని చెప్పడానికీ ఇదే లెక్క పనికొస్తుంది. పదో తరగతి తర్వాత కంప్యూటర్ డిప్లొమాలో చేరిన అమ్మాయికి మూడేళ్లకు లక్షన్నర. ఈసెట్ ద్వారా బీటెక్‌లో చేరి, మళ్లీ దరఖాస్తు చేసి ఎంపికైతే ఇంకో లక్షన్నర. ఆరేళ్లలో మూడు లక్షలు.

బీసీఏ చదివే అమ్మాయిల సంగతేమిటి? చాలాకాలం వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. 2024-25 నుంచి బీసీఏ, బీబీఏ, బీఎంఎస్ కోర్సులు ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. వాటితోపాటే ఆ కోర్సుల అమ్మాయిలకు ‘సరస్వతి’ స్కాలర్‌షిప్ వచ్చింది. ఏడాదికి 25,000 రూపాయల చొప్పున 3,000 మందికి. మొత్తం ఏడున్నర కోట్లు. పట్టణాల్లో డిగ్రీ కాలేజీలకు రోజూ బస్సులో వెళ్లొచ్చే అమ్మాయికి నెలకు 2,083 రూపాయలంటే దారి ఖర్చు, పుస్తకాల ఖర్చు గట్టెక్కినట్టే.

నలభై శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న విద్యార్థులకు ‘సక్షమ్’ పేరుతో ఏడాదికి అదే 50,000 ఇస్తారు. అబ్బాయిలైనా అమ్మాయిలైనా అర్హులే.

మైనారిటీ కుటుంబాల నుంచి వచ్చే ప్రశ్న వేరు. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ విద్యార్థులకు కేంద్రం ‘మెరిట్ కమ్ మీన్స్’ స్కాలర్‌షిప్ ఇచ్చేది. కోర్సు ఫీజుకు 20,000 వరకు, దానికి తోడు హాస్టల్లో ఉంటే ఏడాదికి 10,000, ఇంటి నుంచి వెళ్తే 5,000. అందులో 30 శాతం అమ్మాయిలకు కేటాయింపు. ఆ పథకానికి ఆమోదం 2021-22 వరకే ఉంది. అక్కకు వచ్చింది కదా, చెల్లికీ వస్తుందని దాని మీద ఇంటి బడ్జెట్ వేసుకోవద్దు. ప్రగతికి మతంతో పనిలేదు. ఆదాయం, మార్కులు సరిపోతే అక్కడ దరఖాస్తు చేయించండి. పై చదువుకు విదేశాలకు వెళ్లే మైనారిటీ విద్యార్థులకు తెలంగాణలో 20 లక్షల వరకు ఇచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వేరే ఉంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్, ప్రగతి రెండూ కలిసి వస్తాయా? కలిసి వస్తాయని లెక్క వేసుకోవద్దు. రెంటికీ అర్హత ఉన్నవాళ్లు ఏది ఎక్కువో చూసుకోవాలి. ఉదాహరణకు లక్ష రూపాయల ఫీజున్న కాలేజీ. తెలంగాణలో పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ అమ్మాయికి ఆదాయ పరిమితి సరిపోతే మొత్తం ఫీజు ప్రభుత్వానిదే, అప్పుడు రీయింబర్స్‌మెంటే మేలు. ర్యాంకు పదివేలు దాటితే వచ్చేది 35,000, మిగతా 65,000 ఇంటివాళ్లే కట్టాలి. అలాంటి ఇంట్లో 50,000 ఇచ్చే ప్రగతి గురించి ఆలోచించాలి. రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోవడం, ఆ బరువు చివరికి విద్యార్థుల మీద పడటం రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా చూస్తున్నదే. నిర్ణయం తీసుకునేముందు ఆ ఏడాది మార్గదర్శకాలు చదివి, కాలేజీలో స్కాలర్‌షిప్పులు చూసే నోడల్ అధికారిని అడగండి. ప్రతి కాలేజీలో ఒకరుంటారు.

ఐఐటీలో సీటొచ్చిన అమ్మాయిల లెక్క వేరు. 2018 నుంచి అక్కడ అమ్మాయిల కోసం అదనపు సీట్లు సృష్టించారు. ఆ ఏడాది 14 శాతంతో మొదలుపెట్టి 2020కి 20 శాతానికి తెచ్చారు. ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. కుటుంబ ఆదాయం లక్ష లోపైతే అది పూర్తిగా మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ, కట్టాల్సింది దాదాపు 66,667. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో పనిలేకుండా ట్యూషన్ ఫీజు ఉండదు.

కంపెనీల ఫౌండేషన్లు ఇచ్చేవీ ఉన్నాయి. ఇన్ఫోసిస్ ఫౌండేషన్ ‘స్టెమ్ స్టార్స్’ కింద సైన్స్, ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలకు ఏడాదికి లక్ష వరకు నాలుగేళ్లు ఇస్తుంది. కోటక్ కన్య స్కాలర్‌షిప్ ఏడాదికి లక్షన్నర. అంటే నాలుగేళ్లకు ఆరు లక్షలు, ఇంటి ఆదాయం 6 లక్షల లోపు ఉండాలి. ఇవి కూడా ఎక్కువగా మొదటి ఏడాదిలో చేరినవాళ్లకే. దరఖాస్తుకు డబ్బు కట్టమని, ఓటీపీ చెప్పమని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు మన దగ్గర డబ్బు అడగరు.

ఇక కాగితాల సంగతి. మార్కులున్నా, అర్హత ఉన్నా దరఖాస్తు ఆగిపోయేది ఇక్కడే. ప్రగతి, సక్షమ్ దరఖాస్తులు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. పదో తరగతి మెమోలో ‘పి. శిరీష’ అని ఉంటుంది, ఆధార్‌లో ‘పసుపులేటి శిరీష’ అని, బ్యాంకు పుస్తకంలో ‘శిరీష పి’ అని. మన కళ్లకు ముగ్గురూ ఒకరే. కంప్యూటర్‌కు ముగ్గురూ వేరు. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల తెలుగు పిల్లలకు ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇంటర్ ఫలితాలు రాగానే, ఇంకా కాలేజీలో చేరకముందే ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆధార్‌నో బ్యాంకు ఖాతానో మెమోకు తగ్గట్టు మార్పించండి. మెమో మార్పించడం కన్నా అదే తేలిక.

ఆధార్ సీడింగ్ అనే మాట వినిపిస్తుంది. ప్రభుత్వం డబ్బు పంపితే అది ఏ ఖాతాలో పడాలో మన ఆధార్ నంబరుకు జతచేసి ఉంచడం అన్నమాట. రెండు మూడు ఖాతాలున్నవాళ్లకు చివరగా ఏది జతచేస్తే దాంట్లోకే డబ్బు పోతుంది. చిన్నప్పుడు స్కూల్లో తెరిచి వదిలేసిన ఖాతాకు జత అయి ఉందేమో బ్యాంకులో అడగండి. ఖాతా అమ్మాయి పేరునే ఉండాలి, నాన్నదో అన్నయ్యదో పనికిరాదు.

ఆదాయ ధ్రువపత్రం తహసీల్దారు ఇచ్చింది కావాలి. అడ్మిషన్ లెటర్, ఫీజు రసీదు, మార్కుల మెమో, ఉంటే కుల ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోండి. దరఖాస్తు పంపినంతలో పని అయిపోదు. ముందు కాలేజీ, తర్వాత రాష్ట్ర స్థాయి అధికారులు దాన్ని పరిశీలించి ఆమోదించాలి. కాలేజీ దగ్గరే ఆగిపోయే దరఖాస్తులుంటాయి. పోర్టల్‌లో వారానికోసారి స్థితి చూసుకుని, కదలకపోతే కాలేజీ ఆఫీసులో గట్టిగా అడగమని అమ్మాయికి చెప్పండి. అడగడం తప్పు కాదు, ఆమె హక్కు.

వచ్చాక కూడా ఏటా రెన్యువల్ చేయించాలి. పై ఏడాదికి ప్రమోట్ కాకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. డబ్బు విద్యా సంవత్సరం మొదట్లో రాదు, పరిశీలనలన్నీ అయ్యాకే ఖాతాలో పడుతుంది. కాబట్టి మొదటి ఏడాది ఫీజుకు వేరే ఏర్పాటు చేసుకోక తప్పదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఈ ఏడాది కంప్యూటర్ కోర్సులో చేరిన అమ్మాయి ఉంటే ఈ వారంలోనే కాసేపు పక్కన కూర్చోబెట్టుకుని స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్ తెరిపించండి. అందులో చివరి తేదీ చూసి, దాన్ని ఇంట్లో క్యాలెండర్ మీద రాయించండి.