స్వగ్రామమునకు దూరమున నుండి: జాన్ కాన్‌స్టబుల్ లేఖలు

ఒక చిత్రకారుని జీవితమును తెలిసికొనుటకు ఆతని చిత్రములే చాలునని పలువురు తలచుదురు. ప్రకృతిదృశ్యములను చిత్రించినవాని విషయమున ఈ అభిప్రాయము మఱింత బలముగా నుండును. చెట్టు, ఏరు, పొలము, మేఘము కంటి యెదుట నుండగా వేఱు సాక్ష్యమేల యని ప్రశ్నింపవచ్చును. కాని చిత్రము తాను ఎచ్చట గీయబడినదో, ఎవరి సాయముతో పూర్తియైనదో, ఎవరు కొనగా ఆ యింట ఆ నెల గడచినదో చెప్పజాలదు. ఆ సంగతులు చెప్పునవి కాగితములు. ఆంగ్లదేశపు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ (1776–1837) విషయమున అట్టి కాగితములు సమృద్ధిగా నిలిచినవి. అవి ఏమి చెప్పుచున్నవో, ఎట్లు నిలిచినవో, పరరాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి వాని వలన తెలియవలసినదేమో ఈ వ్యాసమున వివరింప యత్నించెదను.

కాన్‌స్టబుల్ 1776 జూన్ 11వ తేదీన సఫోక్ మండలమున, స్టౌర్ నదీలోయకు చేరువనున్న ఈస్ట్ బర్గోల్ట్ గ్రామమున జన్మించెను. తండ్రి గోల్డింగ్ కాన్‌స్టబుల్ ధాన్యవర్తకుడు. ఫ్లాట్‌ఫర్డ్, డెడమ్ అనుచోట్ల ఆయనకు నీటితో తిరుగు పిండిమరలుండెను. కుమారుడు వ్యాపారమును తమ్మునికి విడిచి, 1799లో లండనులోని రాయల్ అకాడమీ పాఠశాలలో చేరెను. అటుపిమ్మట ఆతని నివాసము ప్రధానముగా లండనే. వివాహానంతరము, ముఖ్యముగా 1817 తరువాత, ఆతడు స్వగ్రామమునకు పోయి చిరకాలము నిలిచిన సందర్భములు అరుదు.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆతనికి కీర్తి తెచ్చిన పెద్ద చిత్రములు ఆఱు. అవి 1819లో ‘తెల్ల గుఱ్ఱము’తో మొదలై 1825లో ‘దుముకు గుఱ్ఱము’తో ముగియును. ఆఱును స్టౌర్ నదీతీరపు దృశ్యములే. కాని ఆ పెద్ద పటములు రూపొందినది నదియొడ్డున కాదు, సుమారు 60 మైళ్ళ దూరమందలి లండనులో. పూర్వము ఊరియందు గీసికొన్న చిన్న చిత్తులు, జ్ఞాపకము, ఇంటినుండి వచ్చు ఉత్తరములు, ఈ మూడే ఆతని మూలధనము.

1821లో ప్రదర్శింపబడిన ‘గడ్డిబండి’ చిత్రమునే చూడుడు. దాని యందు ఏటిలో నిలిచిన బండి యున్నది. ఆ బండి వచ్చిన దారిని మనకు తెలుపునది 1821 ఫిబ్రవరిలో తమ్ముడు ఏబ్రమ్ వ్రాసిన ఉత్తరము. గ్రామమందలి జానీ డన్‌థార్న్ అను యువకుడు పంటబండి రూపురేఖలను గీసినాడనియు, చలిలో ఆ పని మిక్కిలి కష్టమైనదనియు, గడువు దగ్గఱపడినది గనుక అన్నగారికి అది తప్పక కావలసియుండునని తండ్రి ఆతనిని తొందరపెట్టినాడనియు అందు కలదు. ఆ తండ్రి జాన్ డన్‌థార్న్ గ్రామమున సీసపు పనియు గాజు పనియు చేసి జీవించినవాడు. కాన్‌స్టబుల్‌కు యౌవనమున తోడుగా పొలములకు పోయి చిత్రములు గీసినవాడు. నేడు లండను నేషనల్ గ్యాలరీలో ఆ చిత్రమును చూచువారికి కాన్‌స్టబుల్ పేరొక్కటే కనబడును. చలిలో నిలిచిన యువకుడును, తొందరపెట్టిన తండ్రియు, ఉత్తరము వ్రాసిన తమ్ముడును కాగితమునందు మాత్రమే కనబడుదురు.

ఇఁక ఆ లేఖావర్గములను ఒక్కొక్కటిగా పరిశీలింతము. మొదటిది కుటుంబము వారి లేఖలు. తల్లి ఏన్ 1815లో మరణించువఱకు కుమారునకు వ్రాయుచునే యుండెను. ఊరి వార్తలు, ఆరోగ్యమును గూర్చిన హెచ్చరికలు, రూపచిత్రములు గీసియైనను నాలుగు రాళ్ళు సంపాదింపవలెనను హితవు వానియందు కలవు. రెండవది మరియా బిక్‌నెల్‌తో నడచిన లేఖలు. 1809లో వారికి పరస్పరానురాగము కలిగినది. ఆమె తాత రడ్ ఆ గ్రామపు మతగురువు. ఆయన ఈ సంబంధమున కంగీకరింపలేదు. ఆదాయములేని చిత్రకారుని చేపట్టినచో ఆస్తి దక్కదను భయము ఆమె యింటివారిని బాధించెను. 1816 అక్టోబరు 2వ తేదీన వివాహము జరుగువఱకు వారి యనుబంధము ప్రధానముగా ఉత్తరములపైననే నిలిచినది. పెండ్లియైన పిమ్మట, ఆమె అనారోగ్యము వలన సముద్రతీరమందలి బ్రైటనులో నుండగా, 1824, 1825 సంవత్సరములలో ఆతడు దినచర్య వ్రాసి ఆమెకు పంపుచుండెను. ఎవరు వచ్చిరి, ఏ చిత్రము ఎంతవఱకు నడచినది, పిల్లలెట్లున్నారు అను సంగతులన్నియు అందు కలవు. ఆమె 1828 నవంబరులో క్షయవ్యాధితో మరణించెను.

మూడవ వర్గము మిత్రుడు జాన్ ఫిషర్‌తో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరములు. ఫిషర్ మతాధికారి, సాలిస్‌బరీ బిషపునకు బంధువు. 1819లో ‘తెల్ల గుఱ్ఱము’ను 100 గినీలకు కొన్నవాడాతడే. ధనావసరము కలిగి 1829లో దానిని మరల చిత్రకారునకే అమ్మవలసి వచ్చినవాడును ఆతడే. 1821 అక్టోబరులో ఫిషర్‌కు వ్రాసిన దీర్ఘలేఖలో కాన్‌స్టబుల్ ప్రకృతిచిత్రమున ఆకాశమునకు గల ప్రాధాన్యమును చర్చించి, బాల్యమున తిరిగిన స్టౌర్ తీరమే తన్ను చిత్రకారుని చేసినదని చెప్పెను. సాలిస్‌బరీ దేవాలయ చిత్రమున మేఘము నల్లగా నున్నదని బిషపునకు నచ్చలేదను ముచ్చటయు ఈ లేఖల వలననే తెలియును.

లేఖలతోపాటు చెప్పదగినవి చిత్రముల వెనుకటి వ్రాతలు. 1821, 1822లలో హాంప్‌స్టెడ్ గుట్టపై నుండి ఆతడు మేఘములను అనేకముగా చిత్రించెను. పెక్కింటి వెనుక తేదీ, వేళ, గాలి వీచిన దిక్కు గుర్తించెను. తరువాతి పరిశోధకులు ఆ వ్రాతలను నాటి వాతావరణపు నమోదులతో సరిపోల్చి చూచిరి. రెండు పంక్తుల వ్రాత ఒక చిత్రమును శాస్త్రమునకు సాక్ష్యముగా చేసినది.

ఈ కాగితములు లోకమునకు తెలిసిన చరిత్రయు విచారింపదగినదే. మిత్రుడును చిత్రకారుడును అగు సి. ఆర్. లెస్లీ ఈ లేఖల ఆధారముగా 1843లో జీవితచరిత్రము ప్రకటించెను. అది ప్రేమతో వ్రాసిన మంచి గ్రంథము. కాని బ్రదికియున్నవారి మనసు నొచ్చునని కొన్ని విడిచెను, కొన్ని మెత్తపఱచెను. అందుచే చాలకాలము కాన్‌స్టబుల్ శాంతమూర్తిగానే పాఠకులకు పరిచితుడయ్యెను. కుమార్తె ఇసబెల్ 1888లో చిత్రములను, చిత్తులను పెద్దసంఖ్యలో లండను సౌత్ కెన్సింగ్టను ప్రదర్శనశాలకు దానము చేసెను. వంశీయులు దాచిన కాగితములను, ఇతరత్ర లభించినవానిని ఆర్. బి. బెకెట్ సమకూర్చగా 1962–68 సంవత్సరముల నడుమ ఆఱు సంపుటములు వెలువడినవి. కుటుంబము, మరియా, లెస్లీ, కొనుగోలుదారులు, ఇతర మిత్రులు, సంతానము, ఫిషర్ బంధువులు అను క్రమమున అవి కూర్పబడినవి. వానియందు ఆతని వాడినాలుక, డబ్బు చింత, అసూయ, వాత్సల్యము అన్నియు యథాతథముగా కనబడును. 1829లో ఒక్క ఓటు ఆధిక్యముతో అకాడమీ పూర్ణసభ్యత్వము లభించినప్పుడు, భార్య పోయిన పిదప వచ్చిన ఆ గౌరవము ఆతనికెంత చేదుగా నుండెనో గ్రహింపగలము. చార్లెస్ గోల్డింగ్ అను కుమారుడు ఈస్టిండియా కంపెనీ నౌకాసేవలో చేరి మన దేశమువైపు పయనమైనప్పటి పితృవేదనయు గ్రహింపగలము.

ఇట్టి లేఖలను చదువుటకు కొంత జాగరూకత కావలెను. తల్లికి వ్రాసినది వేఱు, మిత్రునకు వ్రాసినది వేఱు. కావున ఎవరికి వ్రాసినదో ముందుగా చూడవలెను. తేదీయు ఊరును గుర్తింపవలెను. జవాబు దొరకనిచోట అది లేదని తలపరాదు. పోయినదేమో యని సందేహింపవలెను. ఒక్క లేఖతో గుణనిర్ణయము చేయరాదు.

ఊరు విడిచినవాడు ఊరిని చిత్రించెను. ఊరిలోనున్నవారు ఉత్తరములతో ఆతని చేయి పట్టి నడిపిరి. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురములోనో, నాగపురములోనో తరతరములుగా కాపురమున్న తెలుగు ఇండ్లలో ట్రంకుపెట్టెల అడుగున పోస్టుకార్డులు, శుభలేఖలు, చిట్టా ఆవర్జాలు, నాటకముల కరపత్రములు పడియున్నవి. వానిని వ్రాసినవారు ప్రసిద్ధులు కాకపోవచ్చును. డన్‌థార్న్ కుమారుడును నాడు ప్రసిద్ధుడు కాడు. అయితే మనకు చెదలకంటె పెద్ద ప్రమాద మొకటి కలదు. ఇంట తెలుగు చక్కగా మాటాడు పిల్లలు తాతగారి గొలుసుకట్టు వ్రాతను చదువలేకున్నారు. అక్షరము రానినాడు ఉత్తరము చిత్తుకాగితమగును. ఎవరు కాల్చిరో కూడ తెలియకుండ అది పోవును.

కావున చేయదగినవి కొన్ని మనవి చేయుచున్నాను. ఉత్తరముతోపాటు తపాలాముద్రగల కవరును ఉంచుడు. చిరిగినచోట అంటుకాగితము అతికింపకుడు. ఛాయాచిత్రముల వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. నచ్చని ఉత్తరమును తీసివేయకుడు. లెస్లీ విడిచినవే తరువాతివారికి ఎక్కువ అవసరమైనవి. నేడు చేతిఫోనుతో ప్రతి పుటకును నకలు తీయుట సులభము. మూలమును మాత్రము పారవేయకుడు. అన్నిటికంటె ముఖ్యముగా, వారమునకొక ఉత్తరమును ఇంటి పెద్దలు పిల్లలచేత బిగ్గరగా చదివింపుడు. తడబడినచోట దిద్దుడు. అందలి మనుష్యులెవరో చెప్పి, ఆ మాటలను ఒక పుస్తకమున వ్రాయింపుడు. పిల్లలకు లిపియు వచ్చును, కాగితమునకు అర్థమును నిలుచును.