తలుపుల కోస్టర్: తెరవకముందే తెలిసిందెంత?

2001లో వచ్చిన పిక్సార్ సినిమా ‘మాన్‌స్టర్స్ ఇంక్’ చివరి ఘట్టం చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లక్షలాది తలుపులు పైకప్పు పట్టాలకు వేలాడుతూ కొండచరియల్లా దొర్లిపోతుంటాయి. సలీ, మైక్ అనే రాక్షసులూ చిన్నారి బూ వాటిని పట్టుకుని వేలాడుతూ ఒక తలుపులోంచి దూరి మరో దేశంలో తేలతారు, అక్కడినుంచి ఇంకో తలుపులోంచి వెనక్కి వస్తారు. ఇది రోలర్ కోస్టర్ కోసమే పుట్టిన ఘట్టమని అభిమానులు ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. ఈలోగా ఆ సినిమా పేరుతో 2006లో కాలిఫోర్నియాలో, 2007లో ఫ్లోరిడాలో, 2009లో టోక్యోలో డిస్నీ మూడు వినోదాలు తెచ్చింది. వాటిలో ఏదీ ఆ పరుగును కోస్టర్‌గా మలచలేదు. చివరికి 2024 ఆగస్టులో, డీ23 అభిమానుల సంబరంలో, అప్పట్లో పార్కుల విభాగం అధిపతిగా ఉన్న జాష్ డామారో ఆ మాట చెప్పారు. ఓర్లాండో దగ్గరి డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో మాన్‌స్టర్స్ ఇంక్ ప్రాంగణం వస్తుంది, తలుపుల గిడ్డంగిలో కోస్టర్ ఉంటుంది, డిస్నీ పార్కుల్లో పట్టా కింద వేలాడుతూ సాగే కోస్టర్ ఇదే మొదటిది, నిట్టనిలువుగా పైకెక్కే లిఫ్ట్ కూడా ఉంటుంది అని. ఆ రోజు చెప్పింది దాదాపు అంతే. పార్కులో ఏ మూల కడతారో కూడా చెప్పలేదు.

మిగిలిందంతా అప్పటినుంచి అభిమానులే పూరిస్తున్నారు. బండి ఎలా ఉంటుంది, కాళ్లు గాల్లో వేలాడతాయా, ఎంత ఎత్తు, ఎంతసేపు, బూ కనిపిస్తుందా అంటూ ఒక్కో కాన్సెప్ట్ చిత్రాన్ని అంగుళం అంగుళం జల్లెడ పడుతున్నారు. దీన్ని పనిలేని పని అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ తేలికభావం సరికాదు. ఆధారాల మీద నిలబడిన ఊహ ఎక్కడైనా గౌరవించదగిందే. రైడ్‌ల విషయంలో అయితే, వందల కోట్ల డాలర్ల సంస్థ తన మాటకు కట్టుబడుతోందో లేదో బయటినుంచి గమనించేది ఒక్క ఈ అభిమానులే. కాకపోతే వాళ్ల ఊహల్లో దేన్ని ఎంతవరకు నమ్మాలో మనం వేరుచేసి చూసుకోవాలి.

మొదట గమనించాల్సింది, రైడ్ గురించిన ఊహకూ సినిమా గురించిన ఊహకూ ఉన్న తేడా. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా తెలుగువాళ్ల ఇళ్లల్లో నలిగింది. వెయ్యి జవాబులు పుట్టాయి, వాటిని సరిచూసుకునే దారి మాత్రం ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే జవాబు కాగితం మీద, ఎడిటింగ్ గదిలో ఉంది. రైడ్ అలా కాదు, అది కట్టడం. కట్టడానికి పునాది కావాలి, మురుగు కాలువ కావాలి, అనుమతి కావాలి. ఫ్లోరిడా చిత్తడి నేల కాబట్టి పెద్ద కట్టడం ఏది లేపినా వాననీళ్లు ఎటు పోతాయో చూపిస్తూ దక్షిణ ఫ్లోరిడా జల నిర్వహణ సంస్థకు పటాలు సమర్పించాలి. అవి బహిరంగ పత్రాలు, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఏ గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ చెరువు పూడుతుందో వాటిలో కనిపిస్తుంది. పని మొదలుపెట్టేముందు కాంట్రాక్టరు పేరు చూపిస్తూ కౌంటీలో నమోదయ్యే నోటీసు ఇంకొక ఆధారం. విమానయాన నిబంధనలు మూడోది. 200 అడుగులు దాటిన కట్టడాలకు సాధారణంగా హెచ్చరిక దీపాలు పెట్టాల్సి వస్తుంది, అందుకే ఇదే పార్కులోని టవర్ ఆఫ్ టెర్రర్ 199 అడుగుల దగ్గర ఆగింది. తలుపుల కోస్టర్ లిఫ్ట్ ఆకాశాన్ని అంటుతుందని ఎవరైనా అంటే, పాత అభిమాని వెంటనే ఆ 199ని గుర్తుచేస్తాడు.

ఈ పద్ధతి ఎంత గట్టిదో పక్కనే ఉన్న యూనివర్సల్ పార్కుల చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో జురాసిక్ వరల్డ్ కోస్టర్‌కి ఇనుము లేచి, పట్టాలు మెలికలు తిరిగి, సందర్శకుల కళ్లముందే రూపం దిద్దుకుంటున్నా సంస్థ నోరు విప్పలేదు. 2020 సెప్టెంబరు ఆఖర్లో ‘వెలోసీకోస్టర్’ అని పేరు పెట్టి ప్రకటించేసరికి, ఎక్కడ తలకిందులవుతుందో, నీటి మీదుగా ఎక్కడ తిరుగుతుందో అభిమానులు గీసి పెట్టుకున్నారు. 2021 జూన్ 10న అది తెరుచుకుంది. ఇంతకన్నా ముచ్చటైన ఉదాహరణ సినిమాది కాదు, వీడియో గేముది, కానీ తర్కం ఒకటే. పట్టా మీద నడుస్తున్నట్టు కనిపించే బండి నిజానికి కింద దాగున్న మరో పట్టా మీద ఒక వంపు చేతితో నిలబడి ఉంటుంది. కాబట్టి పైన కనిపించే పట్టాని మధ్యలో తెగ్గొట్టేసినా బండి ఆ ఖాళీని దూకినట్టే ఉంటుంది. యూనివర్సల్ దాఖలు చేసిన ఈ పేటెంట్ బొమ్మలు చూడగానే, ఇది డాంకీ కాంగ్ గేములో గని బండి దూకే ఘట్టమేనని అభిమానులు పట్టేశారు. సంస్థ అప్పటికింకా పేరెత్తలేదు. 2024 డిసెంబరులో జపాన్‌లోని యూనివర్సల్ పార్కులో, 2025 మేలో ఓర్లాండోలోని ఎపిక్ యూనివర్స్‌లో తెరుచుకున్నది అచ్చంగా అదే. యంత్రాన్ని చూసి కథ ఏదో చెప్పగలగడం గుడ్డిదెబ్బ కాదు. ఆ గేమును, ఆ యంత్రాన్ని రెంటినీ ప్రేమించి చదివినవాళ్లకే అది సాధ్యం.

తలుపుల కోస్టర్ విషయంలో ఈ చదువు ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. సినిమాలో ఒక్క తలుపుకి ముగ్గురు వేలాడతారు. రైడ్‌లో కూడా తలుపుకి ముగ్గురో నలుగురో ఉంటే ఎంత బావుంటుందన్నది సహజమైన కోరిక. దానికి లెక్క అడ్డొస్తుంది. పెద్ద పార్కులో పేరున్న రైడ్ గంటకి వెయ్యిన్నరకు పైగా మనుషుల్ని ఎక్కించలేకపోతే వరస రోడ్డు మీదికొస్తుంది. నలుగురి బండి పది సెకన్లకోసారి కదిలినా గంటకి 1,440 మందే. పది సెకన్లలో బెల్టులు బిగించి, సరిచూసి, పంపేయడం మాటలు కాదు. పైగా ఒక బండి ఉన్న పట్టా ముక్కలోకి వెనక బండి రాకుండా బ్రేకులు వేసే ఏర్పాటు ఒకటికి మించి బండ్లు నడిచే ప్రతి కోస్టర్‌కీ తప్పనిసరి, పది సెకన్ల ఎడం అంటే ఆ ముక్కలు చాలా కావాలి. అదే ఇరవై మంది పట్టే రైలు 36 సెకన్లకోసారి బయల్దేరితే గంటకి 2,000 మంది. అంటే తలుపు ఒంటరిగా వేలాడటం కష్టం, కొన్ని తలుపులు ఒక రైలుగా కలిసి వెళ్లే అవకాశమే ఎక్కువ. ఇక వేలాడే కోస్టర్ ఎవరు చేస్తారన్న ప్రశ్న దగ్గర చాలామంది చూపు నెదర్లాండ్స్ సంస్థ వెకోమా మీదికి పోతుంది. ఫ్లోరిడాలోని డిస్నీ కోస్టర్లలో ఎవరెస్ట్, రాక్ ఎన్ రోలర్ కోస్టర్, గార్డియన్స్, ట్రాన్ అన్నీ వాళ్లవే. వేలాడే రకంలో వాళ్ల కొత్త నమూనా జర్మనీలోని ట్రిప్స్‌డ్రిల్ పార్కులో 2020 నుంచి నడుస్తోంది. ఇది రుజువు కాదు, బలమైన సంభావ్యత. మంచి అభిమాని ఈ రెండు మాటల మధ్య గీతని చెరపడు. ఆ నిగ్రహమే ఊహని పుకారు నుంచి వేరు చేస్తుంది.

ఊహ కాలు జారేది ఎక్కువగా కథ దగ్గర. డిస్నీదే మరో పార్కు యానిమల్ కింగ్‌డమ్‌లో డైనోసార్ రైడ్ స్థానంలో ఇండియానా జోన్స్ వస్తోందనగానే, అది కాలిఫోర్నియాలో 1995లో వచ్చిన ఇండియానా జోన్స్ రైడ్‌కి నకలేనని చాలామంది తీర్మానించారు. తర్కం తప్పు కాదు. ఆ రెండు రైడ్‌ల బండి ఒకే జాతిది, దారి కూడా దాదాపు ఒకటే. సంస్థ మాత్రం మాయన్ గుడి నేపథ్యంలో కొత్త కథ అని ప్రకటించింది. పునాది, దారి, బండి దాకా ఊహ కళ్లు తెరిచి నడిచింది. కథలోకి వచ్చేసరికి కోరికో, విసుగో దాన్ని నడిపించింది. అందుకే స్థలం గురించి అభిమాని చెప్పేది దాదాపు సమాచారంగానూ, యంత్రం గురించి చెప్పేది సంభావ్యతగానూ, కథ గురించి చెప్పేది విమర్శగానూ వినాలని నా అభిప్రాయం. విమర్శ అంటే, ‘ఈ సినిమాలో ఏది మన ఒంటికి తగలాలి’ అన్న ప్రశ్నకు వాళ్లిచ్చే జవాబు. అది నిజం కాకపోయినా విలువైనదే.

ఇలాంటి ఊహలు లేనిపోని ఆశలు పెంచి చివరికి అందర్నీ నిరాశపరుస్తాయన్నది తరచూ వినిపించే అభ్యంతరం. ఆశలు పెంచిందెవరో ఒకసారి చూడాలి. డిస్నీ ఎప్‌కాట్ పార్కులో మేరీ పాపిన్స్ వినోదం వస్తుందని 2019లో వేదికెక్కి చెప్పింది సంస్థే, మరుసటి ఏడాదికల్లా పక్కన పెట్టిందీ సంస్థే. కాలిఫోర్నియాలోని అవెంజర్స్ క్యాంపస్‌లో పెద్ద రైడ్ 2019లో ఒక రూపంలో, 2022లో థానోస్‌తో మరో రూపంలో, 2024లో రెండు రైడ్‌లుగా ఇంకో రూపంలో ప్రకటించారు. 2022లోనే యానిమల్ కింగ్‌డమ్‌లో డైనోసార్ల మూలకి మోనా, జూటోపియా అయితే ఎలా ఉంటుందని వేదిక మీద బొమ్మలు చూపించారు. రెండేళ్లకి ఆ స్థలం ఇండియానా జోన్స్‌కీ ఎన్‌కాంటోకీ వెళ్లింది. సంస్థలు ఆలోచన మార్చుకోవచ్చు, డబ్బు లెక్కలు మారతాయి, మధ్యలో మహమ్మారి కూడా వచ్చింది. దానికి తప్పు పట్టలేం. అయితే ప్రకటనకి నిలకడ ఉంటుందనీ, ఊహకి ఉండదనీ అనుకోవడం మాత్రం ఆధారాలకి నిలవదు. పటం దాఖలైన రైడ్, ప్రకటించిన రైడ్ కన్నా నమ్మదగింది.

దీనికన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. ఇదంతా కంపెనీకి ఉచిత ప్రచారం, అభిమాని తన ప్రేమనీ సమయాన్నీ పెట్టుబడి పెడితే లాభం వేరేవాళ్లకి పోతోందని. ఇందులో చాలా నిజం ఉంది. డీ23 లాంటి సంబరాలు పెట్టి, చాలీచాలని బొమ్మలు చూపించి వదిలేయడం వెనక ఆ లెక్క ఉండకుండా ఎందుకుంటుంది? కానీ అదే ఊహ కంపెనీకి ఇబ్బందికరమైన పని కూడా చేస్తుంది. ఈ పార్కుల్లో కొత్తది రావడమంటే చాలాసార్లు పాతది పోవడం. ప్రకటనలో వచ్చేదాని పేరు పెద్దగా వినిపిస్తుంది, పోయేదాని పేరు వినిపించదు. మాన్‌స్టర్స్ ఇంక్ ప్రాంగణం ఏ మూలకి వస్తుందో సంస్థ చెప్పకముందే, పార్కు పటం ముందేసుకుని పోయే అవకాశమున్న చోట్లు రెండేనని అభిమానులు తేల్చారు. వాటిలో ఒకటి మపెట్స్ ప్రాంగణం. అక్కడి మపెట్ విజన్ 3డీ మామూలు వినోదం కాదు, మపెట్స్ సృష్టికర్త జిమ్ హెన్సన్ 1990లో చనిపోకముందు చివరగా దర్శకత్వం వహించిన పనుల్లో ఒకటి. 1991 మేలో మొదలైంది. 2024 నవంబరులో సంస్థ ఆ చోటే అని ఖాయం చేసేనాటికే దాన్ని కాపాడమని విన్నపాలు మొదలయ్యాయి. కట్టడం ఆగలేదు, 2025 జూన్ 7 ఆ ప్రదర్శనకి ఆఖరి రోజు. అయినా మపెట్ విజన్ సినిమానీ, ప్రదర్శనలోని కొన్ని భాగాలనీ భద్రపరిచే దారులు చూస్తున్నామని సంస్థ చెప్పాల్సి వచ్చింది. వేలమంది వెళ్లి చివరిసారి చూసి రాగలిగారు. డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1971లో పార్కుతోబాటే పుట్టిన నదిని కార్స్ సినిమా రైడ్‌ల కోసం పూడుస్తున్నప్పుడు కూడా ఇంతే. కొత్త బండ్ల బొమ్మ చూసి మురిసిపోకుండా, ‘ఇది పట్టేంత నేల ఎక్కడుంది’ అని అడిగినవాళ్లే ముందు గట్టిగా మాట్లాడారు. ఆ ప్రశ్న అడగడానికి కంపెనీ జీతమివ్వదు.

ముందే తెలిస్తే రైడ్‌లో మజా పోతుందన్న మాటకి జవాబుగా యూనివర్సల్ వాళ్ల హాగ్రిడ్ మోటార్‌బైక్ కోస్టర్ చాలు. 2019 జూన్‌లో అది తెరిచేనాటికి, మధ్యలో పట్టా ఉన్నపళాన కిందికి జారిపోతుందని ఆసక్తి ఉన్నవాళ్లందరికీ తెలుసు. తొలిరోజు వరసలో నిరీక్షణ పది గంటలకు చేరింది. పట్టా జారుతుందని తెలియడం వేరు, కడుపులో పేగులు పైకి లేవడం వేరు. అయితే గీత గీయాల్సిన చోటు ఒకటుంది. బహిరంగ పత్రాలు చదవడం, రోడ్డు మీదినుంచి కనిపించేది చూడటం ఎవరి హక్కునీ కాజేయదు. రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టిన కార్మికుడి చేత బొమ్మలు తీయించడం, పని జరుగుతున్న చోటి మీద డ్రోన్ తిప్పడం అలాంటివి కావు. ఒకరి ఉద్యోగం పోవచ్చు, ఒకరి తల పగలొచ్చు. దాన్ని అభిమానం అనకూడదు, దానికి దక్కే చప్పట్లని అభిమానులే ఆపాలి.

ఇక తలుపుల కోస్టర్ గురించి సాగుతున్న చర్చల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది కొలతల గురించి కాదు. ఆ సినిమాలో రాక్షసుల ఊరికి పిల్లల కేకలే కరెంటు. చివరికి ఆ కరెంటు తయారుచేసే మాన్‌స్టర్స్ ఇంక్ కంపెనీ కేకల్ని వదిలేసి నవ్వుల వైపు తిరుగుతుంది, ఎందుకంటే నవ్వులో పదిరెట్లు బలముందని తెలుస్తుంది. తలుపుల పరుగులో కూడా చచ్చిన తలుపులన్నీ ఒక్కసారిగా వెలిగేది బూ నవ్వినప్పుడే. రోలర్ కోస్టర్ అనే యంత్రం బతికేదేమో కేకల మీద. ఈ రెండిటినీ రైడ్ ఎలా కలుపుతుంది? నిట్టనిలువు లిఫ్ట్ మీద చీకట్లో పైకెక్కేటప్పుడు మన అరుపులు విని దీపాలు మినుకుమినుకుమని, పైన బూ నవ్వు వినపడగానే గిడ్డంగి మొత్తం వెలిగి రైలు దూసుకుపోతే, ఆ సినిమా చెప్పిన మాట ఒంటికి అర్థమవుతుంది. అలా కాక సినిమాలోని విలన్ ర్యాండల్ తరుముతుంటే అరుచుకుంటూ పోయి ఆగడమే అయితే, అది మంచి కోస్టర్ కావచ్చు గానీ ఆ సినిమా మాత్రం కాదు. ఇది ఏ పర్మిట్‌లోనూ ఉండదు, కాంక్రీటు పోసేవాళ్లకీ తెలియదు. ఈ లోపు అభిమానులు దీన్నే పదేపదే, గట్టిగా అడుగుతుంటే, గీసేవాళ్ల చెవిన పడే అవకాశం ఇంకా ఉంది.