పిల్లి డబ్బా వెనక ఏం రాసుంది?

నూనె ప్యాకెట్ కొంటే తేదీ చూస్తాం. పిల్లి డబ్బా కొంటే మాత్రం పైనున్న చేప బొమ్మ చూసి సంచిలో వేసుకుంటాం. నేనూ అంతే. మా అమ్మాయి ముచ్చటపడి తెచ్చుకున్న పిల్లికి హన్మకొండలో దొరికే ఒకే రకం డబ్బా మూడు నెలలు పెట్టాను. ఇష్టంగా తినేది, కానీ రోజురోజుకీ నీరసించిపోయింది.

"ఏం పెడుతున్నారమ్మా? ఆ డబ్బా పట్టుకురండి" అన్నారు పశువుల డాక్టరుగారు. వెనక చిన్న అక్షరాల్లో 'కాంప్లిమెంటరీ' అని ఉంది. ఉచితం కాబోలనుకున్నాను! తోడుగా పెట్టేదని అర్థమట, మన భోజనంలో పచ్చడిలాగ. పూర్తి భోజనమైతే 'కంప్లీట్' అని ఉండాలి.

పిల్లి అసలే మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం చాలినంత తయారుచేసుకోలేదు. మాంసం, చేపల నుంచి అందాలి. అది కరువైతే చూపు, గుండె దెబ్బతింటాయి. గుండెజబ్బుతో దీనికున్న సంబంధాన్ని 1987లో అమెరికా పరిశోధకులు బయటపెట్టాక కంపెనీలు టారిన్ పెంచాయి. మనం ప్రేమగా పెట్టే పాలన్నం కడుపు నింపుతుందే గాని ఒంటికి చాలదు.

ఇక పదార్థాల జాబితా. బరువులో ఎక్కువున్నది ముందు రాస్తారు. మొదట్లోనే కోడి, చేప అని పేరుతో ఉంటే మంచిది. డబ్బా ముందువైపు పేరుని చూసి మోసపోకండి. అమెరికా నిబంధనల ప్రకారం 'విత్ ట్యూనా' అనడానికి ఆ చేప 3 శాతం ఉంటే చాలు!

డబ్బా మీద ప్రొటీన్ 10 శాతం, పొడి గింజల ప్యాకెట్ మీద 30 శాతం ఉందనుకోండి. డబ్బా దండగ అనుకోవద్దు. అందులో 80 శాతం దాకా నీరే. నీరు తీసేస్తే మిగిలిన 20లో 10 ప్రొటీన్, అంటే సగం. గింజల్లో నీరు 10 శాతమే కాబట్టి మిగిలిన 90లో 30, అంటే మూడో వంతు.

'యాష్' అని కనిపిస్తే బూడిద కలిపారని కంగారుపడకండి. కాలిస్తే మిగిలే ఖనిజాల లెక్క అది.

డబ్బా మార్చాం. డాక్టరుగారు చెప్పిన పరీక్షలూ చేయించాం. ఇప్పుడు మా పిల్లి మళ్లీ గోడ ఎక్కుతోంది. పాపం దానికి చదువు రాదు, ఏది పెడితే అది తింటుంది. చదువుకున్నవాళ్లం మనమే కదా, చదివి పెడదాం!